ఇప్పలకోన గుహలో ఖాళీ చాపలు

ఇప్పలకోన అడవిలో ఒక ఎత్తైన కొండ ఉండేది. కొండ కింద వాగు. వాగుకు ఎదురుగా కొండ అడుగున ఒక పెద్ద గుహ. ఆ అడవిలో ఏనుగులు, పెద్ద కొమ్ముల జింకలైన కణుజులు, దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు, ముళ్లపందులు కలిసి బతికేవారు. తమలో తమకు ఎన్ని తగాదాలున్నా, వారానికి ఒక ఉదయం అందరూ ఆ గుహలో చేరి దేవుణ్ణి ఆరాధించేవారు. అందుకే దానికి మందిరం గుహ అని పేరు.

ఎండిపోయిన టేకు మోడు మీద వడ్రంగిపిట్ట ముక్కుతో టకటకా కొడితే అదే వాళ్లకు గంట. గంట వినగానే ఎక్కడివాళ్లక్కడ పని ఆపి బయలుదేరేవారు. ఆరాధన నడిపించేది శాంతయ్య అనే ముసలి తాబేలు. అందరూ ఆయన్ని అయ్యగారు అనేవారు. ఆయన మాట మెత్తన. మనసు ఇంకా మెత్తన. గొంతు మాత్రం వయసుతో పాటు తగ్గిపోయింది.

ఆ గుహలో ఒక పద్ధతి ఉండేది. అడవిలో కొత్త కాపురం మొదలైందంటే, ఆ ఇంటివాళ్లు వాగు ఒడ్డున తుంగ కోసి, చాప అల్లి, గుహకు తెచ్చి ఇచ్చేవారు. ఆ చాప పరిచిన చోటే ఇక ఆ ఇంటి చోటు. ఏనుగుల చాప అందరికంటే ముందు. దాని పక్కన కణుజులది. ఇలా వరుసలు వరుసలుగా గుమ్మం దాకా చాపలే. ఒకరి చాప మీద ఇంకొకరు కాలు పెట్టకూడదు.

చాపలు చూసే పని ముళ్లపంది గిద్యోనుది. వాళ్ల తాత నుంచీ ఆ ఇంటిదే ఆ పని. గంట కొట్టక ముందే వచ్చి గుహ ఊడ్చి, అరుగు మీద చుట్టి పెట్టిన చాపలన్నీ దించి, ఎవరిది వాళ్ల చోట పరిచేవాడు. అంచుకు అంచు కలిసిందో లేదో కన్ను చికిలించి చూసుకునేవాడు. అతని పనికి వంక పెట్టడానికి లేదు. ఆ మాట గిద్యోనుకు కూడా తెలుసు. తెలుసన్న సంగతి అతని నడకలోనే కనబడేది.

అలాంటి అడవికి కరువొచ్చింది. వానలు ముఖం చాటేశాయి. వాగు ఇసుకైంది. ఏనుగులు మందకు మందే కొండ దాటి వెళ్లిపోయారు. కణుజులు ఆ ఎండలకు తట్టుకోలేక ఒక్కొక్కరే రాలిపోయారు. దుప్పుల్లో చాలామంది, కుందేళ్లలో ఇంకా చాలామంది మరి కనబడలేదు. మళ్లీ వానలు పడి వాగు పారేసరికి అడవిలో మిగిలింది గుప్పెడు మంది.

ఆ గుప్పెడు మందీ మళ్లీ గుహకు వచ్చారు. చూస్తే గుహ నిండా చాపలే ఉన్నాయి. గిద్యోను ఎప్పటిలాగే అన్నీ పరిచాడు.

దుప్పి వెళ్లి కుడిగోడ పక్కన తమ చాప మీద కూర్చుంది. కుందేళ్ల జంట వెనక వరుసల్లో తమ చోట కూర్చున్నారు. కొండముచ్చు దీనమ్మ ఎడమవైపు నడుమన కూర్చుంది. ఆమె భర్త జకరయ్య కరువులోనే పోయాడు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య బోలెడు ఖాళీ చాపలు. ఎడమ మూల మొదలైన పాట కుడి మూలకు చేరేసరికి ఒక చరణం వెనకబడేది. అది వింటే అయ్యగారికి నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

"కొంచెం ముందుకు జరగండమ్మా. నా గొంతు మీ దాకా అందదు," అని ఆయన ప్రతి వారం అడిగేవారు.

అందరూ భక్తిగా తల ఊపేవారు. ఒక బెత్తెడు జరిగేవారు. తమ చాప అంచు మాత్రం దాటేవారు కాదు.

ఒకరోజు అయ్యగారు గిద్యోనును పక్కకు పిలిచారు. "గిద్యోనూ, రానివాళ్ల చాపలు అరుగు మీదే ఉండనీయకూడదా? వచ్చినవాళ్లం దగ్గర దగ్గరగా కూర్చుంటాం."

గిద్యోను ముళ్లు ఒక్కసారి జలజలమన్నాయి.

"అయ్యగారూ, మా తాత రోజుల్లో ఈ గుహలో కాలు మోపే సందు ఉండేది కాదు. చాపలు పరచకుండా చుట్టే ఉంచితే, ఇప్పలకోన సంఘం చితికిపోయిందని మనమే చాటింపు వేసినట్టు. నా చేతులతో ఆ పని చేయను."

"చితికిపోయిన మాట నిజమే కదయ్యా?"

"అది మనకు తెలిస్తే చాలు. దారిన పోయేవాళ్లకు తెలియక్కర్లేదు."

దారిన పోయేవాళ్లు అప్పుడప్పుడూ గుమ్మంలోంచి తొంగి చూసే మాట నిజమే. పక్క అడవి నెమలి ఒకసారి అలాగే చూసి, "అబ్బో, ఎన్ని చాపలు! పెద్ద సంఘమే," అంది. ఆ మాటను గిద్యోను చాలా రోజులు నెమరేసుకున్నాడు. నెమలి వచ్చింది గంట కొట్టకముందు. ఇంకాసేపు ఆగి ఉంటే, ఆ చాపల మీద ఎవరూ కూర్చోవడం లేదని కూడా దానికి కనబడేది.

అయ్యగారు మరి రెట్టించలేదు. రెట్టించి ఉంటే బాగుండేది. మెత్తని మనసుతో ఒక చిక్కు ఉంది. ఎదుట ఉన్నవాణ్ణి నొప్పించకూడదని చూసి చూసి, దూరంగా ఉన్నవాళ్ల నొప్పిని మరిచిపోతుంది.

చలికాలం మొదలయ్యే వేళ ఆ అడవికి ఒక అలుగు వచ్చింది. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, పొడవాటి తోక. ఆమె పేరు రూతమ్మ. ఆమె బతికిన కొండకు నిప్పంటుకుని సర్వం కాలిపోయింది. భర్త ఆ మంటల్లో పోయాడు. మిగిలిన ఒక్కగానొక్క కూతుర్ని తోక మీద ఎక్కించుకుని, చీమలు దొరికే చోటు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. ఆ పిల్ల ముడుచుకుంటే అచ్చం బూరెలా ఉండేది. అందుకని దాని పేరే బూరె అయిపోయింది.

రూతమ్మ వాగు అవతల ఒక బొరియ తవ్వుకుంది. తిండికి లోటు లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. తన బిడ్డ నలుగురి మధ్య పెరగాలి. తనకేమైనా అయితే బూరెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ అడవిలో కొందరైనా ఉండాలి. ఆ ఆశతోనే, గంట వినబడగానే బిడ్డను తీసుకుని గుహకు వెళ్లింది.

గుహ నిండా పరిచిన చాపలు చూసి ఆమె మనసు కుదుటపడింది. ఇంత చోటుంది, మనకు దొరక్కపోదు అనుకుంది. ముందు వరుసలో ఒక పెద్ద చాప ఖాళీగా ఉంటే దాని అంచున కూర్చోబోయింది.

"అక్కడ కాదమ్మా," అన్నాడు గిద్యోను. "అది ఏనుగుల చాప."

"వాళ్లు వచ్చే వేళయిందా అన్నా? వచ్చేదాకా కూర్చుని లేస్తాం."

"వాళ్లు రారు. కొండ దాటి వెళ్లిపోయారు."

రూతమ్మ అక్కడి నుంచి తప్పుకుంది. పక్క చాప వైపు చూసింది.

"అది కణుజులది."

"వాళ్లు కూడా వెళ్లిపోయారా?"

"పోయారు. కరువులో అందరూ పోయారు. అయినా చాప వాళ్లదే కదా. చనిపోయినవాళ్ల చోట కూర్చుంటావా?"

ఆ మాటకు రూతమ్మ సిగ్గుపడి వెనక్కి అడుగు వేసింది. తర్వాతి చాప వెళ్లిపోయిన దుప్పులది. ఆ తర్వాతిది ఎవరిదో గిద్యోనుకే సరిగ్గా గుర్తురాలేదు. "ఎవరిదో ఒకరిది," అన్నాడు.

"నేను కూడా ఒక చాప అల్లి తెచ్చుకోనా అన్నా?"

"తెచ్చుకో. గుమ్మం బయట వేస్తాను. లోపల చోటు లేదు."

మాట అనేశాక గుహ వైపు చూసి ఉంటే అతనికే నవ్వొచ్చేది. చూడలేదు. తల్లీబిడ్డలు అలా వెనక్కీ వెనక్కీ నడిచి, గుమ్మం దగ్గర వట్టి బండ మీద కూర్చున్నారు. అక్కడికి చలిగాలి సూటిగా కొడుతుంది. బూరె తల్లి పొట్ట కింద ముడుచుకుంది.

మిగిలినవాళ్లు ఇదంతా చూశారు. చూడలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. "పాపం, కొత్తవాళ్లు," అనుకుంది దుప్పి. "చలికి ఎలా కూర్చుంటారో," అని కుందేళ్లు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. తర్వాత అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. దీనమ్మ ఒక్కతే కళ్లు మూసుకోలేకపోయింది. లేచి వెళ్లి పిలుద్దామనుకుంది. ఇంతమంది చాపలు తొక్కుకుంటూ ఎలా వెళ్లడం అని ఆగిపోయింది.

అలా చాలా వారాలు గడిచాయి. రూతమ్మ ప్రతి వారం వచ్చేది. బండ మీద కూర్చునేది. వెళ్లిపోయేది. ఆమె పేరేమిటని ఒక్కరూ అడగలేదు.

"అమ్మా, మనల్ని ఎవరూ పిలవరా?" అని ఒకరోజు దారిలో బూరె అడిగింది.

"పిలుస్తారులే. వచ్చే వారం పిలుస్తారేమో," అంది తల్లి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె బిడ్డ ముఖం వైపు చూడలేదు.

ఒక ఆరాధన రోజు అందరూ గుహకు చేరాక వడ్రంగిపిట్ట అయ్యగారి దగ్గరకు ఆదరాబాదరా వచ్చింది.

"అయ్యగారూ, మనుషులు ఇప్పుడే వాగు దారిలో తీగ ఉచ్చులు కట్టి వెళ్లారు. నా కళ్లతో చూశాను. ఎండ నడినెత్తికి వచ్చాక మళ్లీ వచ్చి చూసుకుంటామని అనుకున్నారు."

"అందరూ ఇక్కడే ఉన్నారు కదా. ఇళ్లకు వెళ్లే ముందు చెబుతాను," అన్నారు అయ్యగారు.

అన్నట్టే ఆరాధన చివర ప్రకటనల వేళ ఆయన మెడ చాచి, ఉన్న శక్తి అంతా కూడదీసుకుని చెప్పారు. "వాగు దారిలో ఉచ్చులు ఉన్నాయి. ఎవరూ అటు వెళ్లకండి. ఆలస్యమైనా కొండదారిన చుట్టి వెళ్లండి."

ఆ గొంతు ముందు వరుసల దాకా బాగానే వెళ్లింది. ఏనుగుల చాప విన్నది. కణుజుల చాప విన్నది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేసరికి మాట రాతిగోడలకు తగిలి మారుమోగింది. గుహ నిండా జనం ఉన్న రోజుల్లో అలా మారుమోగేది కాదు. కుందేళ్లకు చెవులు పెద్దవి కదా, వాళ్లకైనా వినబడలేదా అని మీరు అడగవచ్చు. చెవి పెద్దదైతే మారుమోత కూడా పెద్దగానే వినబడుతుంది. వాళ్లకు గుయ్యిమనే చప్పుడు తప్ప మాట దొరకలేదు. దుప్పికి 'వాగు' అన్న ఒక్క మాట అందింది. దాని ఇల్లు కొండ మీద. వాగు సంగతి తనకెందుకులే అని ఊరుకుంది. దీనమ్మకు అయ్యగారి ముఖంలో ఏదో కంగారు కనబడింది. అంతకు మించి ఆమెకూ తెలియలేదు.

సరిగ్గా అప్పుడే గాలికి వెనక వరుసలో ఒక ఖాళీ చాప అంచు లేచింది. గిద్యోను వంగి దాన్ని సర్దుతున్నాడు. అతనికి ఏమీ వినబడలేదు.

గుమ్మం దగ్గర రూతమ్మకు అయ్యగారి నోరు కదలడం మాత్రమే కనబడింది. దీవెన మాటలు పలుకుతున్నారేమో అనుకుని ఆమె భక్తిగా తల వంచింది. బిడ్డ తల కూడా వంచింది.

అయ్యగారు ఆమేన్ అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు.

తల్లీబిడ్డలు వాగు దారి పట్టారు. అంతసేపు కదలకుండా కూర్చున్న బూరె తోక మీద నుంచి దిగి ముందు ముందు ఉరికింది. ఒక మద్దిచెట్టు మలుపు దగ్గర ఉన్నట్టుండి కెవ్వుమంది.

తీగ దాని వెనక కాలికి బిగుసుకుంది. తీగ రెండో కొస మద్దిచెట్టు మొదలుకు కట్టి ఉంది. పిల్ల లాగుతున్న కొద్దీ ఉచ్చు బిగుస్తోంది. "కదలకు తల్లీ, కదలకు," అంటూ రూతమ్మ గోళ్లతో తీగను గీకింది. మట్టిని తవ్వే గోళ్లు ఇనుప తీగను ఏం చేయగలవు? ముడి విప్పే వేళ్లు ఆమెకు లేవు.

గిద్యోను ఇల్లు కూడా వాగు వైపే. చాపలు చుట్టిపెట్టి అదే దారిన వస్తూ కేక విని పరుగెత్తాడు. పిల్ల కాలు చూసి నిలబడిపోయాడు.

"ఇక్కడ ఉచ్చులున్నాయని మీకు తెలియదా అన్నా?" అంది రూతమ్మ ఏడుస్తూ.

"తెలియదమ్మా. తెలిస్తే నేను మాత్రం ఈ దారిన ఎందుకు వస్తాను?"

అంటూనే ఒక అడుగు ముందుకు వేశాడు. రాలిన ఆకుల కింద ఇంకో ఉచ్చు ఉంది. అది అతని ముందుకాలిని పట్టేసింది.

భయం వేస్తే ముళ్లపంది ఏం చేస్తుందో మీకు తెలుసు. ఒంటి మీద ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. గిద్యోను గింజుకున్నాడు. గిరగిరా తిరిగాడు. తీగ మాంసంలోకి దిగింది.

చెట్ల మీదుగా ఎగురుతున్న వడ్రంగిపిట్ట ఇది చూసింది. తిన్నగా టేకు మోడు దగ్గరకు పోయి టకటకా కొట్టింది. ఆరాధన అయిపోయాక గంట మోగడం ఆ అడవిలో ఎవరూ ఎరగరు. అందరూ గుండెలు చేతబట్టుకుని పరుగెత్తారు. దీనమ్మ కొమ్మల మీదుగా అందరికంటే ముందు చేరింది. దుప్పి దారి మొదట నిలబడి మనుషుల అడుగుల కోసం చెవి పెట్టింది. ఎండ నడినెత్తికి దగ్గరపడుతోంది.

దీనమ్మ బూరె కాలు ఒడిలో పెట్టుకుని ముడి మీద వేళ్లు ఆడించింది. వేళ్ల చివర్లు తెగి నెత్తురు కారింది. ఆమె ఆపలేదు. ఎట్టకేలకు ఉచ్చు వదులైంది. బూరె కాలు బయటపడింది. ఎముక విరగలేదు కానీ పసిదాని కాలి చుట్టూ లోతుగా కోసుకుపోయింది.

దీనమ్మ గిద్యోను వైపు తిరిగింది. దగ్గరకు పోబోతే ముల్లు అరచేతిలో దిగింది.

"ముళ్లు దించన్నా! నేను దీనమ్మను!"

"దించాలనే ఉంది. అవి నా మాట వినడం లేదు," అని గిద్యోను ఏడ్చాడు.

దూరంగా మనుషుల మాటలు వినబడ్డాయి. దుప్పి కాలితో నేలను తన్నింది. కుందేళ్లు పొదల్లోకి దూకారు.

రూతమ్మ బిడ్డను దీనమ్మ చేతుల్లో పెట్టింది. "దీన్ని తీసుకుని చెట్టెక్కు అక్కా," అంది. అని, తాను నేరుగా గిద్యోను దగ్గరకు నడిచింది. ముళ్లు ఆమె పొలుసులకు తగిలి పక్కకు జారిపోయాయి. అతని తీగ నేలలో దిగేసిన గూటానికి కట్టి ఉంది. ఆమె తన ఒంటితో అతన్ని అదిమిపట్టి, "కదలకండి అన్నా, కాసేపు," అని గూటం చుట్టూ తవ్వసాగింది. ఇది ఆమెకు వచ్చిన పని. మట్టి వెనక్కి ఎగిరిపడింది. గూటం ఊడి వచ్చింది. తీగా గూటమూ కాలికి వేలాడుతుండగానే గిద్యోను ఆమె వెంట పొదల్లోకి పాకాడు.

మనుషులు వచ్చి చూసేసరికి అక్కడ ఒక గుంట, కొంచెం నెత్తురు తప్ప ఏమీ లేవు. వాళ్లు వెళ్లిపోయాక దీనమ్మ చెట్టు దిగి, బిడ్డను తల్లికి ఇస్తూ వాళ్ల పేర్లు అడిగి తెలుసుకుంది.

గిద్యోను ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. దీనమ్మ తీగ విప్పినా, ఆ పాదం నల్లబడి, ఎండి, చచ్చుబడిపోయింది. చాప పట్టి విదిలించి పరిచే కాలు అదే.

అతన్ని చూడటానికి అయ్యగారూ దీనమ్మా వచ్చారు. గిద్యోను పడుకునే అడిగాడు. "ఉచ్చుల సంగతి మీకు ముందే తెలుసట కదా అయ్యగారూ. మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను గిద్యోనూ. ప్రకటనల్లో చెప్పాను."

"నాకు వినబడలేదే."

"ఎవరికీ వినబడలేదు. వినబడలేదని మీ ముఖాలు చూస్తే నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆమేన్ అని ముగించాను. ఆ పాపం నాది."

ముందు వరుసల్లో ఎవరున్నారో గిద్యోనుకు అప్పుడు కళ్ల ముందు కనబడింది.

"పోయినవాళ్లను మరిచిపోలేకపోయానయ్యగారూ," అన్నాడు. "చాప పరచకపోతే వాళ్లు నిజంగా పోయినట్టే అనిపించేది. పదిమంది మెచ్చుకోవాలన్న ఆశ కూడా ఉంది. లేదని అబద్ధమాడను."

"నా జకరయ్యను నేను మరిచిపోయానా అన్నా?" అంది దీనమ్మ. "ప్రార్థన చేసిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పుకుని ఏడుస్తాను. ఆయన చాప మీద ఉన్నాడని మాత్రం ఏనాడూ అనుకోలేదు. ఆయనే ఉండుంటే ఆ పసిదాన్ని చలిలో గుమ్మం దగ్గర కూర్చోనిచ్చేవాడు కాదు. నేను కూర్చోనిచ్చాను. అంతమంది చాపలు తొక్కి ఎలా వెళ్లడం అని ఆగిపోయాను." ఆమె కళ్లు తుడుచుకుంది. "అక్కడ ఎవరూ లేరన్నా. తొక్కితే ఎవరికి నొప్పి?"

మరుసటి ఆరాధనకు రూతమ్మ రాలేదు. బూరె కాలు మానగానే వాళ్లు కొండ దాటి వెళ్లిపోతారని వడ్రంగిపిట్ట చెప్పింది. ఆ మాట విన్న గిద్యోను మూడు కాళ్ల మీద కుంటుకుంటూ, ఆగుతూ, ఆయాసపడుతూ ఆమె బొరియ దగ్గరకు వెళ్లాడు.

"వెళ్లిపోతున్నావట. ఎక్కడికమ్మా?"

"తెలియదన్నా. ఈ బిడ్డను తమ బిడ్డ అనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారేమో చూస్తాను."

"వెళ్లకు. నీకు ముందు వరుసలో చాప వేయిస్తాను. అయ్యగారి ఎదురుగా."

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. "చాప లేదని మేం బాధపడలేదన్నా. బండ మీద కూర్చోవడం మాకు అలవాటే. ఆ రోజు అయ్యగారు ఏదో చెబుతున్నారని నాకు తెలుసు. ఏమన్నారని అడగడానికి నా పక్కన ఒక్కరు లేరు. అంతే."

గిద్యోను తల దించుకున్నాడు. ఇంతకాలం ఆమె చలికి బాధపడి ఉంటుందని, చోటు దొరకలేదని కోపగించుకుని ఉంటుందని అనుకున్నాడు. ఇంత చిన్న సంగతి అతనికి తట్టనేలేదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు. "ఉచ్చు కట్టింది మనుషులే. నీ బిడ్డను ఆ దారిన పంపింది నేను."

అంత తొందరగా రూతమ్మ ఏమంటుంది? బొరియలోంచి బూరె మెల్లగా బయటికి వచ్చి అతని ఎండిపోయిన పాదాన్ని వాసన చూసింది. "నొప్పిగా ఉందా మామా?" అని అడిగింది. ఇక గిద్యోనుకు దుఃఖం ఆగలేదు.

తర్వాతి ఆరాధన రోజున గిద్యోను గుహకు ముందే వెళ్లాడు. ఒక్క చాప కూడా పరచలేదు. అరుగు పక్కన నిలబడి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు చాప చూపించాడు. మొదటిది దీనమ్మ తీసుకుని అయ్యగారి ముందే పరిచింది. అది ఎవరిదని చూడలేదు. దుప్పి తన చాప దాని అంచుకు ఆనించి పరిచింది. ఆ పక్కన కుందేళ్లు. వచ్చినవాళ్లకు సరిపడా పరిచాక, ఇంకెవరైనా వస్తారేమోనని ఒకటి ఎక్కువ పరిచారు. మిగిలినవన్నీ అరుగు మీదే ఉన్నాయి.

గిద్యోను ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. గుహలో చాలా భాగం వట్టి బండ. ఇన్నాళ్లూ చాపల కింద దాగిన ఖాళీ అంతా బయటపడింది. తాత రోజులు మళ్లీ రావని గిద్యోను అప్పుడు ఒప్పుకున్నాడు. అయ్యగారు వెళ్లిపోయినవాళ్లనూ చనిపోయినవాళ్లనూ పేరు పేరునా ప్రార్థనలో తలుచుకున్నారు. అందరికీ కళ్లు చెమర్చాయి. తర్వాత పాట ఎత్తుకున్నారు. చాలా కాలానికి ఆ పాట అందరి నోటా ఒకేసారి మొదలై ఒకేసారి ముగిసింది.

పాట అయిపోయాక గుమ్మం దగ్గర చప్పుడైంది. రూతమ్మ వచ్చింది. వెనక బూరె కుంటుతూ వస్తోంది. రూతమ్మ అలవాటుగా గుమ్మం దగ్గరి బండ మీదే కూర్చోబోయింది.

గిద్యోను కుంటుకుంటూ ఎదురు వెళ్లాడు. వాళ్లకు దారి వదిలి పక్కకు జరిగాడు. ఈ లోపల దీనమ్మ జరిగింది. దుప్పి జరిగింది. కుందేళ్లు జరిగారు. తమ మధ్యే చోటు చేశారు.

"రా రూతమ్మా," అంది దీనమ్మ.

ఆ గుహలో ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. రూతమ్మ కాసేపు కదల్లేదు. బూరె మాత్రం ఆగలేదు. తల్లిని దాటుకుని వెళ్లి ఆ సందులో కూర్చుంది. బిడ్డ వెనకే తల్లి వెళ్లింది. వాళ్ల పక్కనే గిద్యోను కూర్చున్నాడు.

అయ్యగారు గొంతు పెంచకుండా, ఇంట్లో మాట్లాడినట్టు ప్రకటన చెప్పారు. కొండదారిలో రాళ్లు జారుతున్నాయని, పిల్లలను లోపలివైపు నడిపించమని అన్నారు. బూరె అప్పుడు దుప్పి చెవుల వంక చూస్తోంది. సగం మాటలు దాటిపోయాక గానీ దాని ధ్యాస ఇటు మళ్లలేదు.

"మామా, అయ్యగారు ఏమన్నారు?" అని గుసగుసగా అడిగింది.

గిద్యోను దానికి గుచ్చుకోకుండా ముళ్లన్నీ ఒంటికి అదుముకున్నాడు. వంగి, ఒక్క మాట కూడా పోకుండా అంతా దాని చెవిలో చెప్పాడు.

రూతమ్మ అది విన్నది. కొండ దాటి వెళ్లే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

నీతి: రానివారి చోటుకు కాపలా కాసే సంఘం మరింత ఖాళీ అవుతుంది, వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకునే సంఘం కొద్దిమందితోనైనా నిలుస్తుంది.